కొయ్య ముఖాల ఊళ్ళో మా వాకిలి కథ

ఈ ఏడాది ఫిబ్రవరి 15, ఆదివారం, మా ఇంట్లో శివరాత్రి జాగారం జరిగింది. వంటింటి మూలను పూజ గదిగా మార్చుకున్న అమ్మ రాత్రంతా పంచాక్షరి జపిస్తూ కూర్చుంటే, ఆమెకు తోడుగా మేలుకుని ఉంటానని మాట ఇచ్చిన నేను సోఫాలో కునికిపాట్లు పడుతూ గడిపాను. తెల్లవారుజామున అయిదు దాటిన తరువాత కింద వీధిలో గంటలు మోగాయి. అవి చర్చి గంటలు కావు. పశువుల పండుగ నాడు మెడ పట్టెడలకు గంటలు కట్టిన ఎడ్ల మంద కదిలి వస్తున్నప్పుడు వినిపించే చప్పుడు వంటిది అది. అడుగు పడినప్పుడల్లా ఒక లయలో మోగి, అడుగు ఆగగానే ఆగిపోతోంది. అమ్మ కిటికీ తెర కొంచెం తొలగించి, వీధి దీపాల వెలుగులో కొండమీది వైపు నడిచిపోతున్న నాలుగైదు విచిత్రమైన ఆకారాలను చూసి, "ఈ ఊళ్ళో గూడా జాగారం చేస్తారేందిరా?" అని అడిగింది.

చేస్తారనే చెప్పాను. ఆ మాట పూర్తిగా అబద్ధం కూడా కాదు. ఆ రోజు ఉదయం ఎనిమిది గంటలకు ఊరేగింపు మొదలు కావలసి ఉన్నందున, ఊళ్ళో సగం ఇళ్ళు ఆ రాత్రి సరిగా నిద్రపోయి ఉండవు.

ఆ ఊరి పేరు రోట్‌వైల్. ఈ పేరు చెప్పగానే మన బంధువులందరికీ కుక్క గుర్తుకు వస్తుంది. రాట్‌వైలర్ జాతికి ఆ పేరు వచ్చింది ఈ ఊరి నుంచే కనుక వాళ్ళను తప్పు పట్టలేను. నైరుతి జర్మనీలో, బ్లాక్ ఫారెస్ట్ అడవులకూ స్వేబియన్ కొండలకూ మధ్య, నెకార్ నది పైన ఒక మిట్ట మీద ఉన్న చిన్న పట్టణం ఇది. సుమారు పాతిక వేల జనాభా ఉంటుంది. రోమన్ల కాలం నాటి ఊరు, బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో అన్నిటికంటే పాతది. లిఫ్టులను పరీక్షించడానికి కట్టిన 246 మీటర్ల గోపురం ఇప్పుడు ఊరి బయట నిలబడి ఉంటుంది కానీ, పాత ఊళ్ళోకి అడుగుపెట్టాక కనిపించేదంతా బొమ్మలు వేసిన గోడలూ, వీధి మీదికి పొడుచుకు వచ్చిన చెక్కడపు కిటికీలూ, వాలుగా దిగే రాతి బాటలూ మాత్రమే. ఉద్యోగం కోసం మూడేళ్ళ కిందట ఇక్కడికి వచ్చాము. అమ్మ తిరుపతి నుంచి డిసెంబరులో మూడు నెలల వీసా మీద వచ్చింది.

కార్నివాల్ అని ప్రపంచం పిలిచే పండుగను ఇక్కడివాళ్ళు ఫాస్నెట్ అంటారు. ఉపవాసానికి ముందు వచ్చే రాత్రి అని దాని అర్థం. ఈస్టర్‌కు ముందు నలభై రోజులు క్రైస్తవులు ఉపవాస దీక్ష పాటిస్తారు. ఆదివారాలు ఆ లెక్కలోకి రావు కనుక నిజానికి దీక్ష ఈస్టర్‌కు 46 రోజుల ముందు, ఒక బుధవారం మొదలవుతుంది. గుంటూరు జిల్లా కతోలికుడైన నా మిత్రుడు దానిని విభూది బుధవారం అంటాడు, దీక్షా కాలాన్ని తపస్కాలం అంటాడు. ఆ బుధవారానికి ముందటి గురువారం నుంచి మంగళవారం వరకూ నడిచేదే ఫాస్నెట్. పూర్వం తపస్కాలంలో మాంసమే కాదు, గుడ్లు, వెన్న, కొవ్వు కూడా నిషిద్ధమే. ఇంట్లో ఉన్నవన్నీ పాడు కాకుండా ముందే తినేయాలి. అందుకే ఈ వారమంతా నూనెలో వేయించిన పిండివంటల వాసన వీధుల్లో నిండి ఉంటుంది.

ఈస్టర్ వసంతకాలపు మొదటి పౌర్ణమి తరువాత వచ్చే ఆదివారం నాడు పడుతుంది. దాని నుంచి వెనక్కి లెక్క కడితే ఫాస్నెట్ ముగిసే మంగళవారం ఎప్పుడూ ఒక అమావాస్యకు అటూ ఇటూగా వస్తుంది. మన శివరాత్రి కూడా అమావాస్య ముందటి రోజే కదా. రెండూ ఒకే అమావాస్యకు చేరాలన్న నియమం లేదు. 2024లో ఇక్కడి సోమవారపు ఊరేగింపు ఫిబ్రవరి 12న జరిగితే శివరాత్రి మార్చి 8న వచ్చింది. ఈ ఏడాది మాత్రం ఒకదాని వెంట మరొకటి వచ్చాయి. దాని ఫలితంగా, దీక్ష రాబోతున్నదని ఊరంతా విందు చేసుకుంటున్న ఆదివారం నాడు మేము ఉపవాసం ఉన్నాము. మేము పారణ చేసిన సోమవారం దాటి ఒక రోజు గడిచేసరికి ఊరు దీక్షలోకి దిగింది.

"మా ఊళ్ళో ఈ వేషాలేవీ లేవు, నేరుగా విభూదికి వెళ్ళిపోతాము" అని నా గుంటూరు మిత్రుడు ఫోనులో కొంచెం నిష్ఠూరంగానే అన్నాడు. ఆ మాట నిజమే. ఈ ప్రాంతంలో కూడా అన్ని ఊళ్ళలో ఫాస్నెట్ ఉండేది కాదు. మత సంస్కరణ కాలంలో ప్రొటెస్టెంట్లుగా మారిన ఊళ్ళు తపస్కాలాన్ని వదిలేశాయి, దానితోపాటే దానికి ముందుండే పండుగనూ వదిలేశాయి. రోట్‌వైల్ అప్పట్లో చక్రవర్తికి తప్ప మరెవరి కిందా లేని స్వతంత్ర నగరం. 1529లో ఈ ఊరి పాలకులు ప్రొటెస్టెంట్లను ఊరి నుంచి వెళ్ళగొట్టి కతోలిక మతాన్నే నిలుపుకున్నారు. ఇప్పుడు మనం ముచ్చటపడి చూసే పండుగ ఆ కాఠిన్యం మీద నిలబడి ఉన్నదన్న సంగతిని ఇక్కడివాళ్ళెవరూ పండుగ రోజుల్లో గుర్తు చేయరు.

చదువుకునే రోజుల్లో ఒకసారి కొలోన్ కార్నివాల్ చూశాను. అందువల్ల ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది, ఇదీ అటువంటిదేనని అనుకుని నిర్లక్ష్యంగా వెళ్ళాను. కొలోన్‌లో పండుగ కాలం నవంబరు 11న, ఉదయం 11 గంటల 11 నిమిషాలకు మొదలవుతుంది. 1823 నుంచి అక్కడ పండుగను నడపడానికి ఒక సంఘం ఉన్నది. పెద్ద పెద్ద శకటాల మీద రాజకీయ నాయకుల బొమ్మలు పెడతారు, మిఠాయిలు వెదజల్లుతారు, గురువారం నాడు ఆడవాళ్ళు కత్తెరలు పట్టుకుని మగవాళ్ళ టైలు కత్తిరిస్తారు, బీరు ఏరులై పారుతుంది. అక్కడ ఎవరికి తోచిన వేషం వాళ్ళు వేసుకోవచ్చు. నేను ఆ ఏడాది దుకాణంలో కొన్న ఎర్ర ముక్కు ఒకటి తగిలించుకుని రోట్‌వైల్ వీధిలో నిలబడితే, పక్కన ఉన్న పెద్దాయన నన్ను తేరిపార చూసి, ఏమీ అనకుండా ముఖం తిప్పుకున్నాడు. పెళ్ళికి నిక్కరు వేసుకుని వెళ్ళినవాడి పరిస్థితి అది. ముక్కు తీసి జేబులో పెట్టుకున్నాను.

ఇక్కడ వెర్రికి కూడా శాసనం ఉన్నది. పండుగ జనవరి 6న, ముగ్గురు జ్ఞానుల పండుగ నాడు, మొదలవుతుంది. నల్లకోటు, పొడుగు టోపీ పెట్టుకున్న పెద్దమనుషులు చేతుల్లో బ్రష్షులు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి, ఏడాదంతా బీరువాల్లో ఉన్న వేషాల మీది దుమ్ము దులుపుతారు. దుమ్ము ఉన్నా లేకపోయినా దులపవలసిందే, తరువాత ఇంటివాళ్ళు పోసిన గ్లాసుడు మద్యం తాగవలసిందే. మా భవనంలో వేషం ఉన్న ఇల్లు ఒకటే, పై అంతస్తులో ఉండే రిటైరైన బడిపంతులుగారిది. ఆయన జనవరి 6న తలుపు తెరిచి ఉంచి, ఒక గంటసేపు మెట్ల మీద ఎవరితోనూ మాట్లాడకుండా గంభీరంగా నిలబడ్డారు.

ఇక్కడ మా వాకిలి సంగతి చెప్పాలి. జనవరి 15, సంక్రాంతి నాడు, మా అమ్మ తెల్లవారుజామున లేచి, భవనం ముందున్న నాలుగు రాతి మెట్లను ఊడ్చి, రెండు బకెట్ల నీళ్ళు పోసి కడిగి, వరిపిండితో ముగ్గు పెట్టింది. చలి సున్నాకు ఏడు డిగ్రీల కింద ఉన్నది. ఆమెను ముందురోజే వద్దన్నాను. "సంక్రాంతి నాడు కడగని వాకిలేమి వాకిలిరా" అని ఆమె అన్నది, నేను పడుకున్నాను. మంచు, గడ్డ కట్టిన నీరు వీధి మీద ఉంటే తెల్లవారేసరికి తొలగించి, కంకర పొడి చల్లడం ఇక్కడ ప్రతి ఇంటి బాధ్యత. వారానికి ఒక ఇంటి వంతు వస్తుంది, ఆ వంతును ఈ స్వేబియా ప్రాంతంలో ఎంత నిష్ఠగా పాటిస్తారో జర్మనీ అంతా జోకులు వేసుకుంటుంది. ఆ వారం వంతు మాదే. అంటే, మంచు తొలగించవలసిన ఇంటివాళ్ళం మేము, స్వయంగా నీళ్ళు పోసి నాలుగు మెట్లకూ గాజు పరిచాము. అమ్మ పెట్టిన ముగ్గు ఆ మంచు గడ్డ కింద, అద్దం కింద పెట్టిన పటంలా, ఎంతో అందంగా కనిపించింది. ఉత్తరాలు తెచ్చే ఆమె ఆ ముగ్గును చూస్తూ కాలు పెట్టి, జారి, మూడో మెట్టు మీద కూర్చుండిపోయింది. దెబ్బ తగలలేదు. క్షమాపణ చెప్పి, కాఫీ ఇచ్చి, అరిసెలు పొట్లం కట్టి పంపాము. వేడినీళ్ళతో మంచు కరిగిద్దామన్న నా ఆలోచనను కింది అంతస్తు పెద్దావిడ సకాలంలో ఆపింది. ఆ సంగతి అంతటితో ముగిసిందనే అనుకున్నాను.

ఫాస్నెట్ వారపు గురువారాన్ని ష్మోట్సిగర్ డోనర్స్‌టాగ్ అంటారు. మామూలు జర్మన్ తెలిసినవారికి ఆ మాట 'మురికి గురువారం' అన్నట్టు వినిపిస్తుంది కానీ, స్థానిక యాసలో ష్మోట్స్ అంటే కొవ్వు. కొవ్వులో పిండివంటలు వేయించే గురువారం అన్నమాట. ఫాస్నెట్స్‌క్యూఖ్లె అనే ఆ వంటకం పులియబెట్టిన మైదా ముద్దను సాగదీసి వేయించి పంచదార చల్లినది. మా ఊరి బందరు హల్వా అంగడి పక్కన పెట్టినా అమ్ముడుపోతుంది. ఆ రాత్రి చిన్న చిన్న బృందాలు ఒక మద్యశాల నుంచి మరొక మద్యశాలకు తిరుగుతూ, ఏడాదిలో ఊళ్ళో జరిగిన వింతల మీద కట్టిన పాటలు పాడతాయి. ఆ పాటలు నాకు పావు వంతు కూడా అర్థం కాలేదు. ఆఫీసు జర్మన్ ఒకటి, ఈ కొండల మీది జర్మన్ మరొకటి.

సోమవారం ఉదయం అమ్మ స్నానం చేసి, దీపం పెట్టి, పారణ ముగించి, రెండు శాలువాలు కప్పుకుని నాతో బయలుదేరింది. ఏడున్నరకు మేము పెద్ద వీధికి చేరేసరికి రెండు వైపులా నిలబడడానికి చోటు లేదు. వీధి ఎగువన ష్వార్ట్సెస్ టోర్, అంటే నల్ల ద్వారం, 13వ శతాబ్దపు కోట ద్వారం ఉన్నది. వాలుగా దిగే వీధి, పైన చీకటి కమాను, దాని వెనుక కనపడని గుంపు. ఎనిమిది గంటలు కొట్టేవరకూ ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. గడియారం మొదటి గంట కొట్టగానే వాయిద్యాల వాళ్ళు తమ ఊరి కవాతు పాట ఎత్తుకున్నారు, కమానులోంచి పండుగ బయటికి దూకింది. దూకడం అన్న మాట నేను వాడింది కాదు. ఈ ఊరేగింపు పేరే నారెన్‌ష్ప్రుంగ్, వెర్రివాళ్ళ దూకుడు. సోమవారం ఉదయం ఒకసారి, మంగళవారం ఉదయం ఒకసారి, ఆ మధ్యాహ్నం మరొకసారి, మొత్తం మూడుసార్లు ఇదే ద్వారం గుండా దూకుతారు.

ముందు గుర్రపు బొమ్మలను నడుముకు తొడుక్కున్నవాళ్ళు వచ్చారు. వాళ్ళ పక్కన తోలేవాళ్ళు పొడవైన కొరడాలను గాలిలో ఝళిపిస్తుంటే, ఆ చప్పుడు రెండు వైపుల మేడలకు తగిలి తుపాకీ పేలినట్టు తిరిగి వచ్చేది. ఒక పెద్ద కోడిపుంజును ఎక్కినట్టు వేషం కట్టినవాడు వచ్చాడు. ఆ తరువాత వచ్చినవాళ్ళే ఈ ఊరి అసలు వేషాలు, వేలమంది, దాదాపు అందరూ నాలుగైదు రకాల్లో ఏదో ఒకదానికి చెందినవాళ్ళు.

గ్షెల్ అనే వేషానికి తెల్లని నారబట్ట మీద చేతితో రంగుల బొమ్మలు వేసి ఉంటాయి. ఛాతీ మీదుగా అడ్డంగా, నిలువుగా వేసుకున్న తోలు పట్టాలకు కంచు గంటలు గుచ్చి ఉంటాయి. నడిచే పిల్లవాడిని ఎత్తుకున్నంత బరువని చెబుతారు. ముఖానికి లిండెన్ చెట్టు కొయ్యతో చెక్కిన, నునుపుగా పాలిష్ పెట్టిన యువకుడి ముఖం తగిలించుకుంటారు. ఈ కొయ్య ముఖాన్ని లార్వె అంటారు. బరోక్ కాలపు చర్చిల్లో కనిపించే దేవదూతల ముఖాలకూ దీనికీ పోలిక కనిపిస్తుంది. తెల్లవారుజామున మా వీధిలో వినిపించిన గంటలు వీళ్ళవే. గంటలు మోగాలంటే ఒక పద్ధతిలో ఎగిరి ఎగిరి నడవాలి. గంట సేపు ఆ బరువుతో, ఆ ముఖం లోపల ఊపిరి ఆడక, ఎగురుతూ దిగడం మామూలు శ్రమ కాదు. బిస్ అనేది దానికి వ్యతిరేకం, పళ్ళు బయటపెట్టి కొరకబోతున్న ముఖం. ఫ్రాన్సెన్‌క్లైడ్‌కు ఒళ్ళంతా కుచ్చులు.

ఫెడెరాహానెస్‌ను చూసి మాత్రం అమ్మ నా చేయి పట్టుకుంది. వాడి అంగరఖా అంతటా ఈకలు కుట్టి ఉంటాయి, కొయ్య ముఖానికి కోరలు ఉంటాయి, చేతిలో మనిషికంటే పొడవైన కర్ర ఉంటుంది. ఆ కర్ర ఆధారంగా వాడు గాలిలోకి లేచి, రాతి బాట మీద దూరంగా దిగుతాడు. కర్ర చివర దూడ తోక కట్టి ఉంటుంది. దానితో చూసేవాళ్ళ ముఖాల మీద, మెడల మీద రాస్తాడు. మా ముందు నిలబడిన యువతి జుట్టు చెరిపి, నా కళ్ళద్దాలు పక్కకు తోసి, అమ్మ ముందుకు వచ్చి ఆగాడు. ఆమె నుదుటి విభూతి రేఖలను కాసేపు చూశాడు. తోకను ఆమె పాదాల దగ్గర ఒకసారి ఆడించి వెళ్ళిపోయాడు. అతను గౌరవంతో చేశాడో, పెద్దావిడను భయపెట్టడం ఎందుకని చేశాడో నేను చెప్పలేను. అమ్మ మాత్రం "బిడ్డకు మర్యాద తెలుసు" అని తీర్మానించింది.

జనం "హు-హు-హు" అని అరుస్తారు. ఇది ఈ ఊరి కేక. కొలోన్‌లో "అలాఫ్", మైన్స్‌లో "హేలావ్", చుట్టుపక్కల ఊళ్ళలో "నారి-నారో". తప్పు ఊరి కేక వేస్తే ఎర్ర ముక్కుకు పట్టిన గతే పడుతుంది.

చలికాలాన్ని తరిమేయడానికే ఈ గంటలు, కొరడాలు, భయంకర ముఖాలు అని పర్యాటకులకు చెబుతుంటారు. నేనూ మొదట్లో అలాగే నమ్మాను, ఇంటికి ఫోను చేసి అలాగే చెప్పాను కూడా. బడిపంతులుగారు ఒకసారి మెట్ల మీద నన్ను ఆపి, అరగంటసేపు నిలబెట్టి, ఆ నమ్మకాన్ని సరిచేశారు. ఈ పండుగ క్రైస్తవానికి ముందటి జర్మన్ తెగలదన్న కథ 19వ శతాబ్దపు ఊహ అనీ, తరువాత నాజీలకు అది తమ సిద్ధాంతానికి అనుకూలంగా కనిపించి దానిని బాగా ప్రచారం చేశారనీ ఆయన అన్నారు. ఈ ఊరిలోనే పుట్టిన జానపద శాస్త్రవేత్త వెర్నర్ మెట్స్‌గర్ దశాబ్దాలుగా చెబుతున్నది వేరు. మధ్యయుగపు క్రైస్తవ చిత్రాల్లో వెర్రివాడు అంటే నవ్వించేవాడు కాదు, 'దేవుడు లేడు' అని తన మనసులో అనుకునేవాడు. బైబిలులోని కీర్తనల గ్రంథంలో ఆ వాక్యం ఉన్నది. తపస్కాలం దేవుడి రాజ్యమైతే, దానికి ముందటి ఆరు రోజులు అతన్ని మరచిన లోకానికి ఇచ్చిన గడువు. గంటలకు కూడా ఆ వివరణలో చోటు ఉన్నది: ప్రేమ లేనివాడు మ్రోగెడు కంచు, గణగణలాడు తాళము అని పౌలు కొరింథీయులకు రాసిన మాట మన తెలుగు బైబిలులోనూ కనిపిస్తుంది. ఇక పర్యాటకులు వెతికే మంత్రగత్తెల వేషాలు చుట్టుపక్కల వందల ఊళ్ళలో ఉన్నాయి కానీ, అవి చాలావరకు 20వ శతాబ్దంలో వచ్చినవే, 1933లో ఓఫెన్‌బుర్గ్‌లో మొదలైన సంఘం తరువాత. రోట్‌వైల్ వాటిని దగ్గరికి రానివ్వలేదు. పాత సంప్రదాయం గల నాలుగు ఊళ్ళు, రోట్‌వైల్, ఫిల్లింగెన్, ఎల్సాఖ్, యూబర్‌లింగెన్, 1963లో తమకంటూ ఒక కూటమిని ఏర్పాటు చేసుకున్నాయి. ఈ సంగతి చెబుతున్నప్పుడు పంతులుగారి గొంతులో కులీనుల గర్వం వంటిది వినిపించింది. నాకు అది అంతగా నచ్చలేదు, అయినా విన్నాను.

ఊరేగింపు వీధి చివరికి చేరాక పండుగ చెల్లాచెదురవుతుంది, నా దృష్టిలో అసలు పండుగ అప్పుడే మొదలవుతుంది. వేషగాళ్ళు జనంలోకి వచ్చి, తమకు తెలిసినవాళ్ళను వెతికి పట్టుకుని, వాళ్ళ ఏడాది పొరపాట్లను ముఖం మీదే చెబుతారు. దీనిని ఔఫ్‌జాగెన్ అంటారు, అప్పగింత అనుకోవచ్చు, పాఠం అప్పగించినట్టు. చేతిలో ఒక పుస్తకం ఉంటుంది. అందులో ఒక్కొక్క పొరపాటుకు ఒక్కొక్క బొమ్మ గీసి ఉంటుంది. గొంతు గుర్తు పట్టకుండా మార్చి మాట్లాడతారు. చెప్పించుకున్నవాడు నవ్వాలి, ఎదురు చెప్పకూడదు. కొయ్య ముఖం తొడుక్కున్నవాడు ఎవరినైనా నువ్వు అనే పిలుస్తాడు. జర్మన్‌లో మన మీరు, నువ్వులకు సరిగ్గా సరిపోయే రెండు మాటలు ఉన్నాయి. ఈ ఊళ్ళో ఇరుగుపొరుగులు ముప్ఫై ఏళ్ళు పక్కపక్కన ఉండి కూడా మీరు అనుకుంటారు. ముఖం తొడుక్కున్న క్షణం నుంచి మేయరు కూడా నువ్వే.

గత రెండేళ్ళు ఆ గుంపుల్లో నిలబడి చూశాను. ఎవరో ఎవరికో చెబుతుంటే చుట్టూ అందరూ నవ్వేవారు, నేను ఆలస్యంగా, మర్యాద కోసం నవ్వేవాడిని. ఎవరూ నా దగ్గరికి రాలేదు. రావాలని నేనూ అనుకోలేదు. అయితే ఇంటికి వెళ్ళేటప్పుడు, బంతి భోజనంలో ఆకు వేయకుండా దాటిపోయినట్టు, ఏదో ఒకటి మిగిలేది. ఈ చిన్న ఊళ్ళో మేము ఎక్కడికి వెళ్ళినా కనిపించేవాళ్ళమే. బేకరీలో, బస్సులో అందరికీ మా ముఖాలు తెలుసు. కనిపించడం వేరు, వాళ్ళ కథల్లోకి ఎక్కడం వేరు.

సోమవారం పదిన్నరకు, మేము ఇంటికి బయలుదేరుతుండగా, ఒక షాంట్‌లే మా దారికి అడ్డం వచ్చాడు. షాంట్‌లే అంటే ముడతలు పడిన ముసలి ముఖం, వంగిన నడుము, చంకలో పుస్తకం. అతను మమ్మల్ని దాటి వెళ్ళబోతున్నట్టు రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగి, కీచు గొంతుతో "నువ్వు!" అన్నాడు. పుస్తకం తెరిచి పేజీలు తిప్పాడు. మా నాలుగు మెట్లు కనిపించాయి. వాటి మీద నీలి రంగు గాజు, గాజు కింద తెల్లని ముగ్గు. చుక్కలు కొంచెం తప్పాయి కానీ ముగ్గే. దాని మీద ఉత్తరాల సంచీతో ఒక ఆడమనిషి, కాళ్ళకు స్కేట్లు కట్టుకుని, రెండు చేతులూ చాచి జారిపోతోంది. మెట్ల పక్కన బకెట్టు పట్టుకుని నిలబడిన చీరకట్టు ముసలమ్మ.

అతను ప్రాస కట్టిన స్వేబియన్ పాదాలు చదవడం మొదలుపెట్టాడు. ఈసారి నాకు ప్రతి మాటా అర్థమైంది, కథ నాకు ముందే తెలుసు కనుక. వంతు వచ్చినప్పుడు అందరూ మంచు ఎత్తి పోస్తారు, మా వీధికి వచ్చిన కొత్తవాళ్ళు మాత్రం మంచు లేదే అని బాధపడి సొంతంగా తయారు చేశారు, ఊరికి ఇక స్కేటింగ్ మైదానం కట్టే ఖర్చు లేదు, లోపలికి వచ్చే అతిథికి పువ్వులు పరుస్తారు, బయటికి వెళ్ళే అతిథికి నడుము పరుస్తారు, ఇదీ సారాంశం. చుట్టూ ఇరవై మంది చేరారు. వాళ్ళలో ఉత్తరాలు తెచ్చే ఆమె కూడా ఉన్నదని తరువాత గమనించాను. అందరికంటే గట్టిగా నవ్వింది ఆమే. చివరికి షాంట్‌లే బుట్టలోంచి ఒక మిఠాయి తీసి అమ్మ చేతిలో పెట్టి, గుంపులోకి వంగి వంగి నడుస్తూ మాయమయ్యాడు.

అమ్మకు నేను అనువదించి చెప్పాను. ఆమె నొచ్చుకుంటుందేమోనని రెండు పాదాలు దాటవేయబోతే, నా ముఖం చూసి పట్టుకుని అవి కూడా చెప్పించింది. విని, "ఇది మన గంగమ్మ జాతర మాదిరి ఉందే" అన్నది. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మకు మే నెలలో జరిగే జాతరలో మగవాళ్ళు రోజుకొక వేషం కడతారు: బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి. బండ వేషం కట్టినవాడు ఎదురుపడిన ఎంతటివాడినైనా బూతులు తిట్టవచ్చు, తిట్టించుకున్నవాడు అమ్మవారి ప్రసాదం అనుకుని తల వంచాలి. ఆడపిల్లలను చెరబట్టిన పాలెగాడిని వెతుకుతూ గంగమ్మ తిరిగిన వేషాలే అవన్నీ. కారణం వేరు, దైవం వేరు. కాని అక్కడ తిట్టు తినడానికి ఎదురు వెళ్ళి నిలబడే పెద్దమనుషులను నేను చిన్నప్పుడు చూశాను, వాళ్ళెందుకు అలా నిలబడేవారో అప్పుడు అర్థమయ్యేది కాదు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, మన తిట్టులో ఉన్న పస వీళ్ళ ప్రాసలో లేదు. వీళ్ళది మనిషిని నొప్పించకుండా, వేలితో గుచ్చి వదిలిపెట్టే పద్ధతి.

కింది అంతస్తు పెద్దావిడే ఈ సంగతి మోసి ఉంటుందని నా అనుమానం. అడిగితే, "వెర్రివాడికి అన్నీ తెలుస్తాయి" అని తలుపు వేసుకుంది.

మంగళవారం మధ్యాహ్నపు దూకుడుకు మా అమ్మాయి బడి పిల్లలు కూడా వేషాల్లో వచ్చారు. వేషం కట్టిన పిల్లలను ఇక్కడ నారెన్‌జామెన్, వెర్రి విత్తనాలు అంటారు. మా అమ్మాయికి గ్షెల్ వేషం కావాలట. అది అంగట్లో దొరికే వస్తువు కాదు. ముఖం చెక్కేవాడు చెక్కాలి, బట్ట మీద బొమ్మలు గీసేవాడు గీయాలి, సంఘం ఒప్పుకోవాలి. చాలా వేషాలు తాత నుంచి మనవడికి వచ్చినవే. ఇంకా పదేళ్ళు ఇక్కడ ఉంటే చూద్దామని చెప్పాను. ఆరేళ్ళ పిల్లకు పదేళ్ళంటే ఎంతో తెలియదు కనుక ఒప్పుకుంది.

చీకటి పడిన తరువాత వీధిలో ఒక్క కొయ్య ముఖం కూడా కనిపించలేదు. బుధవారం ఉదయం పని మీద బయటికి వెళ్తుంటే మునిసిపాలిటీ వాళ్ళు పెద్ద వీధిలో గడ్డి, కాగితాలు ఊడుస్తున్నారు, చర్చి నుంచి వస్తున్న ముసలివాళ్ళ నుదుటి మీద బూడిదతో గీసిన సిలువ ఉన్నది. అమ్మ అది చూసి, అడ్డంగా పెట్టుకోవలసింది నిలువుగా పెట్టుకున్నారని అన్నది.

మా భవనం మెట్ల దగ్గర బడిపంతులుగారు ఎదురయ్యారు. రెండు కణతల మీద ఏదో బిగుతుగా కట్టి విప్పినట్టు ఎర్రని గీతలు ఉన్నాయి; అటువంటి గీతలు ఆ ఉదయం ఊళ్ళో చాలామంది మగవాళ్ళకు ఉన్నాయి. "శుభోదయం, మీరు బాగున్నారా? మీ అమ్మగారు ఎలా ఉన్నారు?" అని, ఎప్పటిలాగే మీరు అంటూ, ఎప్పటిలాగే టోపీ కొంచెం ఎత్తి అడిగారు. బాగున్నామన్నాను. ఆయన మా గుమ్మం పక్కన గోడకు ఆనించి ఉన్న కంకర పొడి సంచీని చూపించి, ఈ వారం మళ్ళీ చలి పెరుగుతుందని రేడియోలో చెప్పారని అన్నారు. ఆ సంచీ మాది కాదు. ముందురోజు రాత్రి వరకూ అది అక్కడ లేదు.